గ్యాస్ తగ్గిందని పేడ పెంచకండి: గోబర్ గ్యాస్ ట్యాంకును దశలవారీగా ఎలా గమనించాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఊళ్ళకు గోబర్ గ్యాస్ కొత్త కాదు. బరంపురం దగ్గర మొహుదాలో ఉన్న గ్రామ వికాస్ సంస్థ 1980లలో మొదలుపెట్టి ఒడిశాలో 50 వేలకు పైగా ట్యాంకులు కట్టించింది. కాబట్టి కట్టడం తెలిసిన తాపీ మేస్త్రులు ఈ వైపు దొరుకుతారు. దొరకనిది కట్టిన తర్వాత రోజూ ట్యాంకును చూసుకునే పద్ధతి చెప్పేవాళ్ళు. అందుకే చక్కటి ట్యాంకులు కూడా రెండు మూడేళ్ళకే మూలపడి, డోము మీద పిడకలు ఆరేసుకునే చోటుగా మిగిలిపోతుంటాయి. అలాంటివి చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. వాటిలో చాలావరకు చెడిపోయినవి కావు. సమయానికి గమనించక ఆగిపోయినవే.

స్టవ్ మంట సన్నబడగానే ఇంట్లో అందరికీ తోచేది ఒకటే: రేపటి నుంచి ఇంకో తట్ట పేడ ఎక్కువ వేద్దాం. చాలాసార్లు జబ్బును ముదరబెట్టేది ఆ తట్టే. పేడ పెంచే ముందు ఏ దశ దగ్గర పని ఆగిందో చూడాలి. అదెలా చూడాలో ఇక్కడ చెబుతాను. మన వైపు ఎక్కువగా ఉన్న దీనబంధు రకాన్ని, అంటే భూమిలో కట్టి పైన డోము వేసే ట్యాంకును, దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందుగా, లోపల జరిగేది

పేడ గ్యాసుగా మారడం ఒక్క పని కాదు, నాలుగు పనులు. మొదట కొన్ని సూక్ష్మజీవులు పేడలోని పీచును, పిండి పదార్థాన్ని, కొవ్వును చిన్న ముక్కలుగా విడగొట్టి నీళ్ళలో కరిగేలా చేస్తాయి. రెండో దశలో ఆ కరిగినది పులిసి రకరకాల ఆమ్లాలుగా మారుతుంది. మూడో దశలో ఆ ఆమ్లాలు ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. నాలుగో దశలో మీథేన్ సూక్ష్మజీవులు వాటిని తిని గ్యాస్ ఇస్తాయి. మనకొచ్చే మీథేన్‌లో సుమారు 70 శాతం ఎసిటిక్ ఆమ్లం నుంచి, మిగతాది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి వస్తుంది.

ఈ నాలుగూ ఒకే ట్యాంకులో, ఒకే సమయంలో నడుస్తుంటాయి. చిక్కంతా వేగంలో ఉంది. ఆమ్లాలు తయారుచేసేవి మొండివి. గంటల్లో పెరుగుతాయి, చలినీ పులుపునీ కొంతవరకు తట్టుకుంటాయి. మీథేన్ తయారుచేసేవి సుకుమారమైనవి. రెట్టింపు కావడానికి వాటికి రోజులు పడుతుంది, గాలి తగిలితే చస్తాయి, వేడి రెండు మూడు డిగ్రీలు ఒక్కసారిగా పడిపోయినా మందగిస్తాయి. వాటి చేతకానంత ఆమ్లం ముందు దశల్లో తయారైతే లోపల పులుపు పేరుకుపోతుంది. ఆ పులుపుకి అవి ఇంకా నీరసించిపోతాయి. అలాంటప్పుడు మరో తట్ట పేడ వేస్తే ఏమవుతుందో మీకే అర్థమవుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పేడ తూచడానికి స్ప్రింగ్ కాటా, ఒక థర్మామీటరు, ప్రయోగశాల సామాన్లమ్మే షాపులో దొరికే, పులుపును అంకెలో చూపే పీహెచ్ కాగితాలు (అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు), సబ్బు నీళ్ళు, పొడుగాటి వెదురు కర్ర, ఒక నోటుబుక్కు. వీటికి తోడు ట్యాంకు బయటి గది, అంటే లోపలి పేడనీళ్ళు బయటికి ఎక్కే గది, గోడ మీద సుద్దతో కాకుండా పెయింటుతో గీతలు గీసుకోండి, అయిదేసి సెంటీమీటర్లకు ఒకటి. నన్నడిగితే మిగతావన్నీ లేకపోయినా ఈ గీతలు మాత్రం ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

పేడ తూచండి, చేత్తో కలపండి

రెండు ఘనమీటర్ల ట్యాంకుకి, అంటే రోజుకు అంత గ్యాస్ ఇచ్చే ట్యాంకుకి, రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్ళు కావాలని లెక్క. కిలో తాజా పేడకు మంచి వేడిలో సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. అంటే 50 కిలోలకు రెండు ఘనమీటర్లు. మామూలు బర్నరు గంటకు 450 లీటర్లు లాగుతుంది కాబట్టి ఒక బర్నరు నాలుగు గంటలకు పైగా వెలుగుతుంది.

పుస్తకాల్లో ఆవుకి 10 కిలోలు, గేదెకి 15 కిలోలు అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మి అయిదు ఆవులున్నాయి, సరిపోతుందనుకోవద్దు. మన కొండ ప్రాంతాల నాటు ఆవులు చిన్నవి. మల్కన్‌గిరి వైపు మోటు జాతి ఆవులైతే మరీ పొట్టి. పైగా పొద్దున్న విప్పితే సాయంత్రం దాకా మేతకే. పగటి పేడ కొండ మీదే పడిపోతుంది, మనకి చిక్కేది రాత్రి కట్టుగొయ్య దగ్గర వేసినది మాత్రమే. రాయగడ వైపు కలహండి గేదెలున్న ఇళ్ళలో పరిస్థితి కాస్త నయం. ఎవరి పశువులైనా సరే, ఒక వారం పాటు పొద్దున్నే తూచి రాసుకోండి. మీ ట్యాంకుకి అసలు లెక్క అదే. పేడ 30 కిలోలే వస్తుంటే గ్యాస్ 1,200 లీటర్ల దగ్గర ఆగుతుంది. అది ట్యాంకు తప్పు కాదు.

కలపడం దగ్గర తొందరపడకండి. పేడ, నీళ్ళు సమానంగా అన్నది పేడలో గట్టి పదార్థం 18 నుంచి 20 శాతం దాకా ఉందనుకుని చెప్పిన లెక్క. కలిపాక అది 8 నుంచి 10 శాతానికి రావాలి. వానాకాలంలో పచ్చగడ్డి మేసిన పశువు పేడ జారుగా ఉంటుంది, దానికి నీళ్ళు తగ్గించాలి. సంక్రాంతి తర్వాత ఎండుగడ్డి మీద పడ్డాక పేడ గట్టిగా, పీచుగా ఉంటుంది, దానికి పెంచాలి. కలిపే తొట్టిలో చెయ్యి పెట్టి పైకి తీయండి. కలిపిన పేడనీళ్ళు, అంటే స్లర్రీ, వేళ్ళ మీంచి ధారగా జారిపోయి, చర్మం కనబడీ కనబడనట్టు పల్చటి పూత మిగలాలి. ముద్దలు ముద్దలుగా అంటుకుంటే నీళ్ళు చాలలేదు. చర్మం శుభ్రంగా కనబడితే ఎక్కువయ్యాయి. ఎక్కువైనప్పుడు లోపల ఇసుక అడుక్కి, పీచు పైకి విడిపోతుంది.

చెయ్యి ఎలాగూ తొట్టిలో ఉంది కాబట్టి గడ్డిపోచలు, కొబ్బరి పీచు, గులకరాళ్ళు ఏరేయండి. ఆ తర్వాత రెండు నిమిషాలు ఆగండి. మట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు పైనున్న స్లర్రీని లోపలికి వదిలి, అడుగున మిగిలిన మట్టిని బయట పారబోయండి. మన ఎర్రమట్టి నేలల మీద చీపురుతో ఊడ్చి తెచ్చిన పేడలో మట్టి ఎంతుంటుందో ఒక్కసారి చూస్తే ఈ రెండు నిమిషాలు మీరే మానరు. ఆ మట్టి ఏళ్ళ తరబడి అడుగున చేరి ట్యాంకు లోతును మింగేస్తుంది.

తొట్టిలోకి రాకూడనివి కొన్ని ఉన్నాయి. శాల కడిగిన ఫినాయిల్ నీళ్ళు, బ్లీచింగ్, బట్టల సబ్బు నీళ్ళు, పురుగుమందు డబ్బా కడిగిన నీళ్ళు. పొదుగువాపుకి యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు వేయించిన పశువు పేడను కూడా ఓ వారం పెంటకుప్పలో వేయండి. సూక్ష్మజీవులను చంపడమే ఆ మందు పని, ట్యాంకులోవి వేరని దానికి తెలియదు.

మొదటిసారి నింపేటప్పుడు

ట్యాంకు సైజుకి సంబంధించిన ఒక సంగతి సరిహద్దు జిల్లాల వాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పేడ ట్యాంకులో ఎన్ని రోజులు నిలవుండాలి అనే లెక్కన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రాలను మూడు మండలాలుగా చేసింది: 30, 40, 55 రోజులు. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలాంటివి 30 రోజుల లెక్కలో ఉన్నాయి. ఒడిశా 40 రోజుల లెక్కలో ఉంది. కాబట్టి ఆంధ్ర వైపు పాతపట్నం నుంచో పార్వతీపురం నుంచో మేస్త్రి వచ్చి కడుతుంటే ఏ కొలతలతో కడుతున్నాడో అడగండి. మైదానంలో చిన్న ట్యాంకుతో నెట్టుకురావచ్చు గానీ, కోరాపుట్ జిల్లా పొట్టంగి, సెమిలిగుడ లాంటి ఎత్తయిన చోట్ల 30 రోజుల ట్యాంకు చలికాలంలో మిమ్మల్ని ఏడిపిస్తుంది.

40 రోజుల లెక్కన రెండు ఘనమీటర్ల ట్యాంకును తొలిసారి నింపడానికి దగ్గర దగ్గర రెండు టన్నుల పేడ, అన్నే నీళ్ళు కావాలి. ఒక్కరి శాలలో దొరకదు. నాలుగిళ్ళ వాళ్ళను అడిగి పోగుచెయ్యండి. ఎండి పిడకలా అయినది, నెలల నాటిది వద్దు. నింపడం కూడా మార్చి, ఏప్రిల్‌లలో పెట్టుకోండి. పుష్యమాసం చలిలో నింపితే మొదటి మంట చూడటానికి రెట్టింపు రోజులు పడుతుంది.

ఊళ్ళో బాగా నడుస్తున్న ట్యాంకు ఉంటే దాని స్లర్రీ కొన్ని డ్రమ్ములు తెచ్చి కలపండి. మొత్తంలో పదో వంతు ఉన్నా చాలు. నాలుగో దశ సూక్ష్మజీవులు అందులో సిద్ధంగా ఉంటాయి. లేకపోతే పేడలో సహజంగా ఉన్న కాసినీ పెరిగేదాకా ఆగాలి.

నింపాక రోజూ పేడ వేయకండి. ఆగండి. ఇక్కడి నుంచి దశలు ఒకదాని తర్వాత ఒకటి మీ కళ్ళ ముందే కనబడతాయి. మొదటి కొద్ది రోజుల్లోనే బుడగలు వస్తాయి, బయటి గదిలో మట్టం పెరుగుతుంది, ఇంట్లోవాళ్ళు సంబరపడతారు. అగ్గిపుల్ల గీస్తే మాత్రం ఆరిపోతుంది. అది మొదటి మూడు దశల గ్యాస్, ఎక్కువగా కార్బన్ డయాక్సైడే. స్లర్రీ వాసన కూడా ఈ రోజుల్లో ఘాటుగా, పులుపుగా ఉంటుంది. పీహెచ్ కాగితం 6కి దగ్గరగా చూపించవచ్చు. గాబరా పడాల్సిన పనిలేదు.

ఈ మొదటి గ్యాసును వాల్వు తెరిచి బయటికి వదిలేయాలి. ట్యాంకులో అప్పటిదాకా ఉన్న గాలి కూడా అందులో కలిసి ఉంటుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అది మండదు, పేలుతుంది. కాబట్టి డోము దగ్గర, పైపు చివర ఎప్పుడూ అగ్గిపుల్ల గీయవద్దు. పరీక్షించేది స్టవ్ దగ్గరే, అదీ ఒకటి రెండు సార్లు గ్యాస్ పూర్తిగా వదిలేసిన తర్వాతే.

ఎండాకాలంలో పది, పదిహేను రోజులకి, చలికాలంలో మూడు వారాలు దాటాక మంట నిలబడటం మొదలవుతుంది. నీలి మంట వరసగా మూడు నాలుగు రోజులు వచ్చాక రోజువారీ పేడ మొదలుపెట్టండి, అదీ సగం కొలతతో. మరో వారానికి పూర్తి కొలతకు రండి.

రోజూ చూడాల్సినవి

ఇప్పుడు గోడ మీది గీతల సంగతి. డోములో గ్యాస్ చేరుతుంటే అది స్లర్రీని నొక్కుతుంది. నొక్కిన స్లర్రీ బయటి గదిలోకి ఎక్కుతుంది. స్టవ్ వెలిగిస్తే మళ్ళీ దిగుతుంది. అంటే ఆ గదిలో మట్టమే మీ గ్యాస్ మీటరు. రాత్రి వంటయ్యాక ఒకసారి, పొద్దున్న స్టవ్ వెలిగించకముందు ఒకసారి ఏ గీత దగ్గర ఉందో చూసి రాయండి. ఆ తేడాయే రాత్రంతా తయారైన గ్యాస్. దీనబంధు డోములో రోజు గ్యాసులో మూడో వంతే నిలవుంటుంది. మట్టం పై అంచుకొచ్చి గది పక్కన బుడబుడమంటుంటే గ్యాస్ వృథాగా పోతోందని అర్థం. ఆ ఇంట్లో వంట వేళ మార్చుకోవాలి, లేదా సాయంత్రం టీ కూడా దాని మీదే పెట్టుకోవాలి.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే పైపులైనుకి ఒక పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి బిగించి, సగం దాకా రంగు నీళ్ళు పోయండి. రెండు వైపులా మట్టాల తేడా చూస్తే ఒత్తిడి తెలుస్తుంది. డోము ట్యాంకులో అది 90 సెంటీమీటర్ల దాకా వెళ్ళగలదు కాబట్టి గొట్టం ఒక్కో వైపు మీటరు పైనే ఉండాలి.

మంట రంగు రెండో సాక్షి. నిలకడైన నీలి మంట వస్తుంటే మీథేన్ 50 శాతం పైన ఉన్నట్టే. మామూలుగా 50 నుంచి 65 మధ్య ఉంటుంది. మంట పసుపుగా, పొగచూరుతూ వస్తే ముందు బర్నరు గాలి రంధ్రం చూడండి, బూజో మసో అడ్డుపడి ఉంటుంది. ఎగిరెగిరి పడుతూ ఒక్కోసారి ఆరిపోతుంటే పైపులో నీళ్ళు చేరాయి, పల్లంలో నీళ్ళు చేరడానికి పెట్టిన ట్రాప్ విప్పి వంచేయండి. పైపు, బర్నరు బాగానే ఉండి, ఒత్తిడి కూడా ఉండి మంట అంటుకోకపోతే మాత్రం ఆలోచించాలి. గ్యాస్ తయారవుతోంది, మీథేన్ తయారవడం లేదు. మూడో దశకీ నాలుగో దశకీ మధ్య లంకె తెగుతోంది.

ఊళ్ళో హైస్కూలు సైన్సు మాస్టారు ఉంటే ఆయన సాయంతో దీన్ని అంకెల్లో కూడా చూడవచ్చు. పెద్ద సిరంజిలో 40 మిల్లీలీటర్ల గ్యాస్ తీసుకుని, మూతిని కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి కొంచెం లోపలికి లాగి ఊపాలి. ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది, ఆ మేరకు ఇంకొంత ద్రావణం లోపలికి వస్తుంది. మిగిలిన గ్యాస్ 24 మిల్లీలీటర్లు ఉంటే మీథేన్ సుమారు 60 శాతం. కాస్టిక్ సోడా చర్మాన్నీ కళ్ళనీ కాలుస్తుంది, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా చేయకండి, పిల్లల చేత అసలే చేయించకండి.

బయటికి వచ్చే స్లర్రీ మూడో సాక్షి. నాకు దీని మీదే ఎక్కువ గురి. బాగా జీర్ణమైన స్లర్రీ ముదురు రంగులో, దాదాపు వాసన లేకుండా ఉంటుంది. ఈగలు వాలవు. పచ్చి పేడ వాసన వస్తూ, బయట ఇంకా బుడగలు కడుతుంటే అది లోపల ఉండాల్సినన్ని రోజులు ఉండకుండానే బయటపడింది. తరవాణి కుండ మూత తీసినప్పటి పులుపు వాసన వస్తే ఆమ్లం పేరుకుంటోంది.

ఆ స్లర్రీలోనే వారానికోసారి పీహెచ్ కాగితం ముంచండి. 6.8 నుంచి 7.5 దాకా ఉంటే నిశ్చింత. 6.5 కిందికి వస్తే మీథేన్ సూక్ష్మజీవులు కష్టంలో ఉన్నాయి. అయితే ఒక్క పీహెచ్ మీదే ఆధారపడకండి, అది ఆలస్యంగా చెబుతుంది. స్లర్రీలోని బైకార్బొనేట్లు పులుపును చాలా రోజులు కాచుకుంటాయి. అవి అయిపోయాకే అంకె కిందికి దిగుతుంది, అప్పటికే చాలా జరిగిపోయి ఉంటుంది. గోశాలలు, పెద్ద డెయిరీలు నడిపేవాళ్ళు అందుకే ఆమ్లాలకూ క్షారతకూ నిష్పత్తి లాబ్‌లో చూపించుకుంటారు. అది 0.4 దాటితే హెచ్చరిక. మన ఇంటి ట్యాంకుకి మంట, వాసన, గీత చాలు.

వేడి కూడా స్లర్రీ బయటికొచ్చిన వెంటనే చూడండి. 30 నుంచి 38 డిగ్రీల మధ్య ట్యాంకు హాయిగా నడుస్తుంది. 20కి పడితే గ్యాస్ బాగా తగ్గుతుంది. 15 కిందికి పోతే నామమాత్రమే.

గ్యాస్ తగ్గినప్పుడు వెతికే వరస

మొదట లీకేజీ. డోము మీది వాల్వు రాత్రంతా కట్టేసి పొద్దున్న గీత చూడండి. వాల్వు కట్టాక మట్టం బాగా పెరిగితే ట్యాంకు బాగుంది, గ్యాస్ పైపులో ఎక్కడో పోతోంది. జాయింట్ల మీద సబ్బు నీళ్ళు రాయండి, నురగ ఉబ్బే చోట పట్టుబడుతుంది. రోజూ ఒకే గీత దాకా పెరిగి అక్కడే ఆగిపోతుంటే డోములో పగులు ఉండవచ్చు, మేస్త్రిని పిలవాలి. మట్టం ఎంతో ఎత్తున ఉన్నా స్టవ్‌కి గ్యాస్ రాకపోతే పైపులో నీళ్ళో చెత్తో అడ్డం.

రెండోది తెట్టు. స్లర్రీ మీద గడ్డి, పీచు కలిసి చాపలా గట్టిపడితే గ్యాస్ పైకి రాలేదు. లోపలికి పోయే గొట్టంలోంచి వెదురు కర్రతో రోజూ పేడ వేసేటప్పుడు పదిసార్లు గట్టిగా పొడిచి కదిపితే ఇది రాదు. ముదిరిపోయిన తెట్టుకి మాత్రం ట్యాంకు తెరవాల్సిందే.

ఈ రెండూ కాకపోతే అప్పుడు పులుపు సంగతి చూడండి. మన వైపు దీనికి ఎండాకాలంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో జీడిమామిడి పళ్ళు, పనస తొనల చెత్త, మామిడి టెంకలు కుప్పలుగా మిగులుతాయి. పారేయడమెందుకని ట్యాంకులో వేస్తారు. వాటిలో చక్కెర ఎక్కువ. మొదటి రెండు దశలు వాటిని ఒకటి రెండు రోజుల్లోనే ఆమ్లంగా మార్చేస్తాయి. బుడగలు విపరీతంగా వస్తాయి, మంట మాత్రం ఆరిపోతుంది. కాశీనగర్ వైపు ఒక పెద్దావిడ ఇలాగే జరిగాక, “బాబూ, ఇంకో తట్ట పేడేసి చూడనా?” అని అడిగారు. “వద్దమ్మా, ఈ వారం ఒక్క పిడికెడు కూడా వెయ్యకండి” అన్నాను. ఏ ఇంట్లో ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతాను.

పులిసిన ట్యాంకుకి మొదటి మందు పస్తు. పేడ వేయడం పూర్తిగా మానేసి, రోజుకోసారి కర్రతో కదుపుతూ ఉండండి. నాలుగో దశ సూక్ష్మజీవులు మిగిలిన ఆమ్లాన్ని మెల్లగా తినేస్తాయి. వారంలోనో పది రోజుల్లోనో వాసన మారుతుంది, మంట అంటుకుంటుంది. తేడా లేకపోతే పక్కింటి మంచి ట్యాంకు స్లర్రీ కొన్ని బకెట్లు వేయండి. పీహెచ్ మరీ పడిపోయి ఉంటేనే సున్నం జోలికి వెళ్ళండి. రోజుకు అర కిలోకి మించకుండా బకెట్ నీళ్ళలో కలిపి వడగట్టి పోస్తూ, మర్నాడు కాగితంతో చూస్తూ, 6.7 దగ్గర ఆపేయాలి. ఆపైన వేసే సున్నం లోపలి కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సుద్దగా అడుక్కి చేరుతుందే తప్ప ఉపయోగం లేదు. మంట నిలబడ్డాక మళ్ళీ పావు కొలత, సగం కొలత, పూర్తి కొలత.

పండ్ల చెత్త అసలే వేయకూడదని కాదు. సన్నగా నరికి, రోజూ పేడలో కాస్త కాస్త కలిపితే గ్యాస్ పెరుగుతుంది. ఒక్కసారిగా గుమ్మరించడమే ప్రమాదం. కోళ్ళ పెంటది ఇంకో రకం చిక్కు. అందులో నత్రజని ఎక్కువ, పట్టుబట్టి వేస్తే అమోనియా పెరిగి అదే మీథేన్ సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది. ముక్కు మండే ఘాటు వాసన దాని గుర్తు, దీనికి సున్నం వేస్తే ఇంకా పాడవుతుంది.

చలి, వాన

కార్తీకం దాటాక గ్యాస్ తగ్గడం జబ్బు కాదు, చలి. పేడను మధ్యాహ్నం వేళ వేయండి. నీళ్ళు నల్ల డ్రమ్ములో ఎండలో పెట్టి గోరువెచ్చనయ్యాక కలపండి. నీళ్ళలో కొంత బదులు పశువుల మూత్రం పోయండి. డోము మీద మట్టి కప్పు పోయి ఉంటే మళ్ళీ కప్పి, దాని మీద మూరెడు మందాన ఎండుగడ్డి పరవండి. చుట్టూ గెత్తం కుప్ప పోసినా మంచిదే, కుళ్ళేటప్పుడు అది వేడిని ఇస్తుంది. చలికాలంలో పేడ పెంచితే పులుపు ఇంకా తేలిగ్గా వస్తుంది. ఆ రెండు నెలలు మూడు పొయ్యిల పని రెండుకి తగ్గించుకోవడమే మేలు.

వానాకాలంలో బయటి గది పలకలు సరిగ్గా మూసి ఉన్నాయో లేదో చూసుకోండి. వాన నీళ్ళు లోపలికి పోతే స్లర్రీ పల్చబడి, ఉండాల్సిన రోజులు ఉండకుండా కొట్టుకుపోతుంది. వంశధార, మహేంద్రతనయ ఒడ్డు ఊళ్ళలో భూగర్భ నీళ్ళు పైకి వస్తాయి కాబట్టి ఆ నెలల్లో ట్యాంకును ఖాళీ చేసే పని పెట్టుకోకండి. ఖాళీ ట్యాంకును కింది నీళ్ళు పైకి నెట్టి పగలగొట్టగలవు.

ట్యాంకులోకి దిగే విషయం

స్లర్రీ ఎంత పాతదైనా, ట్యాంకు ఎన్నాళ్ళుగా మూతపడినా, లోపలికి మనిషి దిగకూడదు. కుళ్ళిన గుడ్డు వాసన ఇచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాళ్ళు అక్కడే పడిపోతారు. వాళ్ళ కోసం దిగినవాళ్ళూ పడిపోతారు. శుభ్రం చేయాల్సి వస్తే స్లర్రీ అంతా బయటి నుంచే తోడించి, మూతలన్నీ తెరిచి రోజుల తరబడి గాలాడనిచ్చి, పరికరాలున్న పనివాళ్ళను పిలవండి. గ్యాస్ స్టవ్ ఉన్న వంటింట్లో కుళ్ళు గుడ్డు వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటికెళ్ళి వాల్వు కట్టండి.

నోటుబుక్కు

రోజుకో వరస చాలు: తేదీ, పేడ కిలోలు, రాత్రి గీత, పొద్దుటి గీత, స్టవ్ వెలిగిన గంటలు, మంట రంగు. వారానికోసారి పీహెచ్, స్లర్రీ వేడి. పక్కన ఏదైనా విశేషం రాయండి: ఆవుకి ఇంజెక్షన్, పెళ్ళి వంట, పనస చెత్త. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పని వాళ్ళకి అప్పగించండి, గీతలు చూడటం వాళ్ళకి సరదా కూడా. గ్యాస్ తగ్గిన రోజు పుస్తకం వెనక్కి తిప్పితే కారణం చాలావరకు అంతకు ముందు వారంలోనే దొరుకుతుంది. మరమ్మతుకి వచ్చే మేస్త్రికి, ఒడిశా పునరుత్పాదక ఇంధన సంస్థ ఓరెడా మనిషికి కూడా అదే చూపించండి.

ఎప్పుడైనా ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాల్సి వస్తే, తోడిన స్లర్రీలోంచి మంచి రోజుల నాటిది రెండు మూడు డ్రమ్ములు నీడలో పక్కన పెట్టుకోండి. పైన వదులుగా గోనె కప్పండి. మూత బిగిస్తే గ్యాస్ చేరి డ్రమ్ము ఉబ్బుతుంది. మళ్ళీ నింపేటప్పుడు ముందు అదే పోయండి, ఆ మీదట కొత్త పేడ.